నోలీన్ పాస్క్ వేసిన రెండు మొక్కలు

నోలీన్ పాస్క్ ఇరవయ్యారేళ్లు స్కూలు బస్సు నడిపింది. వెనక సీట్లో ఏ కుర్రాడైనా గంజాయి సిగరెట్టు ముట్టిస్తే బండిని రోడ్డు పక్కన ఆపి, వాడి సంచీ కిందికి గిరాటేసి, "నడిచి పో. మీ అమ్మకి నేనే ఫోను చేస్తా" అనేది. అలాంటి మనిషి అరవయ్యెనిమిదో ఏట తన పెరట్లోనే గంజాయి వేసిందంటే మా వీధిలో సగంమంది నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ల ఎదురింట్లో పందొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. నోలీన్ కోపం నాకు కొత్త కాదు. కానీ ఆ ఏడు చూసిన కోపం వేరు.

ఆ మొక్కలు వేసింది భర్త డెస్ కాళ్ల కోసం. డెస్ చిన్నప్పటినుంచీ గొర్రెల ఉన్ని కత్తిరించే పని చేశాడు. నడుము ఇక వంగనని మొరాయించాక ఆ పని మానేసి, కాన్‌బెర్రా అంచున అప్పుడే లేస్తున్న మా వీధిలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. పదకొండేళ్ల కిందట అతని అరికాళ్లలో మంట మొదలైంది. మొదట చీమలు పాకినట్టుండేది, తర్వాత నిప్పుల మీద నిలబెట్టినట్టు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. చక్కెర వ్యాధి లేదు. వెన్నెముక ఫొటోల్లో ఏమీ దొరకలేదు. నరాల డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "ఏం పని చేసేవాడివి?" అని అడిగాడు. డెస్ చెప్పాడు. ఉన్ని కత్తిరించేవాళ్లంటే తాగుబోతులేగా, ఇక అడగాల్సిందేమీ లేదన్నట్టు ఆయన కంప్యూటర్లో ఒక మాట కొట్టాడు. తాగుడు.

"నేను తాగను డాక్టర్" అన్నాడు డెస్.

"అందరూ అదే అంటారు."

డెస్ నిజంగానే తాగడు. తండ్రి తాగి తల్లిని కొడుతుంటే బల్ల కింద దాక్కుని పెరిగినవాడు. ఉన్ని షెడ్లలో పొద్దుగూకాక అందరూ బీరు డబ్బాలు తెరిస్తే అతను టీ కాచుకునేవాడు. 'టీ కెటిల్' అని పేరు పెట్టి ఏడిపించేవారట. కానీ ఆ ఒక్క మాట ఫైల్లో కూర్చుంది. తర్వాత చూసిన ప్రతి డాక్టరూ ముందు ఆ మాట చదివి, తర్వాత డెస్ ముఖం చూసేవాడు.

నోలీన్ కూడా ఆ మాట నమ్మింది. ఈ సంగతి ఆమే నాతో చెప్పింది, ముఖం పక్కకి తిప్పుకుని. ఒక ఆదివారం అతను పడుకున్నాడనుకుని వెనక షెడ్డులో దూరి, పెయింటు డబ్బాల వెనక, పాత గంబూట్ల లోపల చెయ్యి పెట్టి సీసాల కోసం వెతికింది. తిరిగి చూస్తే గుమ్మంలో డెస్ నిలబడి ఉన్నాడు.

"దొరికాయా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

చివరికి ఒక డాక్టరమ్మ గంజాయి నూనె రాసిచ్చింది. దానితో డెస్ కాస్త నిద్రపోయాడు. ఆ సీసా మాత్రం వాళ్ల పింఛనుకి అందేది కాదు. మా దగ్గర మనిషికి రెండు మొక్కలు పెంచుకోవచ్చు. మట్టిలో, ఎండలో పెంచితే పర్వాలేదు. దీపాల కింద పెంచితే నేరం. విత్తనాలు అమ్మినా, ఇచ్చినా నేరమే. నోలీన్ సర్కారు ఆఫీసుకి ఫోను చేసి, "మరి విత్తనం ఎక్కణ్ణించి రావాలయ్యా? పిట్ట రెట్టలోంచా?" అని అడిగింది. అవతలివాడు, "ఆ విషయం మేం చెప్పకూడదు మేడమ్" అన్నాడు. వారం తిరక్కుండా వాళ్ల ఉత్తరాల పెట్టెలో ఒక అగ్గిపెట్టె, అందులో నాలుగు విత్తనాలు కనిపించాయి. ఎవరు పెట్టారో నాకు తెలుసు. చెప్పను.

మాకు నవంబరంటే వసంతం చివర; దేశమంతా చూసే గుర్రప్పందాల రోజు దాటి, మంచు భయం పోయాక నాటింది. ఒకటి మొలవలేదు. ఒకదాన్ని నత్త తినేసింది. మిగిలిన రెండింటిలో ఒకదాన్ని బట్టలారేసే స్టాండు పక్కన, రెండోదాన్ని పెరటి కింది మూలలో, డెస్ ముప్ఫయ్యేళ్లుగా ఎరువు మీద ఎరువు వేసి కూరగాయలు పండించే మడిలో పెట్టింది. పెరట్లో అంత నల్లటి, చెమ్మగిల్లిన మన్ను ఇంకెక్కడా లేదు.

"మగ మొక్కయితే పూత పనికిరాదట. పీకేయాలట" అంది నోలీన్ లైబ్రరీ పుస్తకం చూస్తూ.

"పీకెయ్. ఈ ఇంట్లో పనికిరాని మగాడు ఒకడు చాలు" అన్నాడు డెస్.

రెండూ ఆడమొక్కలే అయ్యాయి. కొత్తవాళ్లు చేసే తప్పులన్నీ నోలీన్ చేసింది. రోజుకి రెండుసార్లు నీళ్లు పోసి వేళ్లు ఊపిరాడకుండా చేసింది. కోళ్ల ఎరువు పచ్చిగానే వేసి ఆకుల కొసలు మాడ్చింది. చివరలు తుంచడానికి చేతులు రాక కత్తెర పట్టుకుని నిలబడిపోయింది. అయినా బట్టల స్టాండు పక్కది జనవరికల్లా ఆమె భుజం దాటింది. మూలది మాత్రం మోకాలి దగ్గరే ఆగింది. ఆకులు అంచులనుంచి పసుపెక్కి ముడుచుకునేవి. అదే విత్తనం, అవే నీళ్లు, అదే చెయ్యి. నోలీన్ దాన్ని సొంత అవమానంగా తీసుకుంది. "ఏం రోగమే నీకు? దానికి పోసినవే కదా నీకూ పోస్తున్నా?" అని దాన్ని తిట్టడం వీధిలోకి వినబడేది.

అథోల్ క్రీడ్ ఆ తిట్లు విని కంచె దగ్గర ఆగాడు. అథోల్‌కి ఎనభై తొమ్మిదేళ్లు. మా ఇళ్లు లేనప్పుడు, ఇదంతా గొర్రెల మేత భూమిగా ఉన్నప్పుడు, ఇక్కడే కూలి చేసినవాడు. రోజూ కుక్కని తిప్పుతూ వచ్చి, డెస్ ఇచ్చిన నాలుగు టమాటాలు జేబులో వేసుకుని వెళ్లేవాడు.

"అక్కడ వేశావేంటమ్మాయ్? మా రోజుల్లో అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలిచేది కాదు."

"ఎందుకని?"

"తొట్టి ఉండేది కదా అక్కడ. గొర్రెలకి పేలు చావడానికి పాషాణం కలిపిన నీళ్లు పోసి, వాటిని అందులో ముంచి ఈదించేవాళ్లం. ఇటు గట్టెక్కి, ఒంటి మీద నీళ్లన్నీ కార్చుకుంటూ నిలబడేవి. ఇదిగో, మీ టమాటాలు ఉన్నచోటే."

నోలీన్ చేతిలో పైపులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"తెలియడమేంటి? ముంచింది నేనే."

"ముప్ఫయ్యేళ్లుగా ఈ కంచె మీద మోచేతులానించి మా టమాటాలు మేస్తున్నావు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నోరు పెగల్లేదా?"

"కంపెనీవాళ్లకి చూపించాను కదమ్మా. ఈ భూమిని ఇళ్ల స్థలాలుగా కోసేముందు వాళ్లే వచ్చి అడిగారు. మేకు పాతి, ఎర్ర గుడ్డ కట్టి వెళ్లారు. తర్వాతి వారం బుల్డోజరు వచ్చి చదును చేసింది. ఆ మన్ను తీసేసే ఉంటారనుకున్నా." కాస్త ఆగి, "టమాటాలు బాగానే ఉండేవిగా" అన్నాడు.

నోలీన్ పైపు అతని మీదికి తిప్పింది. ఎనభై తొమ్మిదేళ్ల మనిషిని, అతని కుక్కని నిలువునా తడిపి పంపింది.

పెరటి మన్ను పరీక్షించే విశ్వవిద్యాలయం ఒకటుంది. పోస్టులో పంపితే చాలు. మూల మన్ను ఒక సంచీలో, స్టాండు దగ్గరది ఇంకో సంచీలో కట్టి పంపింది. మూడు వారాలకి జవాబు వచ్చింది. మూల మన్నులో పాషాణం, అంటే ఆర్సెనిక్, ఇంటి పెరట్లో ఉండదగిన హద్దుకి పద్నాలుగు రెట్లు ఉంది. స్టాండు దగ్గర హద్దుకి కొద్దిగా పైన. పాషాణం ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే కాళ్ల నరాలు మండుతాయని కూడా ఆ జవాబులో ఉంది.

ఆ మూల మడిలో పండిన ఆకుకూర నోలీన్‌కి గిట్టదు. టమాటా తింటే ఆమెకి గుండెల్లో మంట. డెస్ మాత్రం రోజూ మధ్యాహ్నం రొట్టె మధ్యన అవే పెట్టుకుని తిన్నాడు. ఎండాకాలం చెప్పులు విప్పేసి ఆ మన్నులోనే తవ్వాడు. ఆ పంటని కడిగి, కోసి, పళ్లెంలో పెట్టింది నోలీనే.

ఆమె కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చింది. డెస్ కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"తాగుడు కాదు డెస్" అంది.

"నాకు తెలుసుగా నోలీ" అన్నాడు డెస్. "పదకొండేళ్లనుంచీ తెలుసు. తెలియంది నీకే."

ఆమె కాగితం అక్కడే పడేసింది. నేరుగా పెరట్లోకి వెళ్లి మూల మొక్కని ఒక్క లాగుతో పెరికింది. తర్వాత స్టాండు వైపు నడిచింది. మార్చి నెల. ఆ మొక్క ఆమెకంటే ఎత్తుంది. మొగ్గలు బొటనవేలంత లావెక్కి జిగట పట్టాయి. కోతకి ఇక పది రోజులే.

డెస్ కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. "దాన్ని ముట్టుకోకు."

"విషం డెస్."

"కొద్దిగా పైన అని రాశారుగా. అయిదు నెలలు చూశాను నోలీ, దాని కోసం. కొద్దిగా ఉంటే ఉండనీ."

"నీ ఒంట్లో ఉన్నది చాలదా?"

"ఇది నా మొక్క! నా పేరున వేసిన మొక్క!"

అప్పటికే నోలీన్ పార దించింది. డెస్ మెట్టు మీద కూలబడి తిట్టడం మొదలుపెట్టాడు. ఎన్నడూ గొంతెత్తని మనిషి తిట్ల దండకం అందుకున్నాడు. భార్యని, డాక్టర్లని, అథోల్‌ని, ఆ మన్నుని, చచ్చిపోయిన తండ్రిని, ఎవర్నీ వదల్లేదు. వీధంతా వింది. నోలీన్ ఏడుస్తూ తవ్వింది. తవ్వుతూనే ఎదురు తిట్టింది. రెండు మొక్కల్నీ ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి మూతులు కట్టింది. కాలిస్తే పొగలో పాషాణం వస్తుందని ఆమెకి అప్పటికే తెలుసు.

మర్నాడు, మా వీధి స్థలాలు అమ్మిన మెరిడెన్ కంపెనీ ఆఫీసుకి ఆమె వెళ్లింది. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి, "ఆ కంపెనీ ఇప్పుడు లేదండీ. మాది వేరే పేరు" అంది. గోడ మీద పెద్ద ఫొటో ఉంది. కోటు వేసుకున్న ఒకాయన పార పట్టుకుని నవ్వుతున్నాడు. వెనక కనిపించేది మా వీధి చివర ఉన్న కొండే.

"ఈయనెవరు?"

"మా వ్యవస్థాపకులు మేడమ్."

"పేరు పోయిందన్నావు. మనిషి పోలేదుగా. పిలువు" అంది నోలీన్. ఆయన రాలేదు. సెక్యూరిటీ మనిషి వచ్చాడు. చిన్నప్పుడు ఆమె బస్సులోనే బడికి వెళ్లినవాడు. తల దించుకుని, "పదండి మిసెస్ పాస్క్" అని తలుపుదాకా తీసుకొచ్చాడు.

నూనె రాసిచ్చిన డాక్టరమ్మే డెస్ కాలిగోళ్లు కత్తిరించి పరీక్షకి పంపింది. పాషాణం తేలింది. "దీనివల్లే ఈ మంట అని నేను కచ్చితంగా రాయలేను. కాదని కూడా రాయలేను" అంది. మంచిదే ఆమె. జాగ్రత్త గల మనిషి.

"తాగుడని రాసినాయనకి ఇంత ఆలోచన పట్టలేదే!" అంది నోలీన్. "ఆ మాట తీసెయ్. ఇప్పుడే, నా కళ్ల ముందు తీసెయ్."

"పాత మాట చెరపడానికి వీల్లేదు నోలీన్."

"అయితే నేనూ కదలను."

ఆ రోజు తలుపులు మూసేదాకా కూర్చుంది. మర్నాడు టీ ఫ్లాస్కు తెచ్చుకుని మళ్లీ కూర్చుంది. మూడో రోజు డాక్టరమ్మ ఆమెని లోపలికి పిలిచి, పాత మాట కింద రాసింది: "రోగి మద్యం తాగడు. పైన రాసినది ఏ పరీక్షా చేయకుండా రాసినది." నోలీన్ దాన్ని ప్రింటు తీయించి, ఇంటికి తెచ్చి డెస్ చేతిలో పెట్టింది. అతను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "వీళ్లకి ఇది రాయడానికి పదకొండేళ్లు పట్టిందా?" అన్నాడు. ఆ కాగితం గోడకి తగిలించలేదు, దాచుకోలేదు. బల్ల మీదే వదిలేసి వెళ్లి పడుకున్నాడు. క్షమించమని ఆమె అడిగిందో లేదో నాకు తెలియదు. చాలా రోజులు వాళ్లిద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి.

ఆ వారమే ఆమె మా అందరి ఉత్తరాల పెట్టెల్లో పరీక్ష కాగితం నకలు వేసింది. కింద చేత్తో 'మీ మన్నూ పరీక్షించుకోండి' అని రాసింది. సరిగ్గా అదే నెలలో మా ఇంటి ముందు అమ్మకం బోర్డు ఉంది. నేను మండిపడి వీధి దాటి వెళ్లాను.

"కాస్త ఆగలేకపోయావా నోలీన్?"

"ఎందాకా? నీ ఇల్లు కొన్నవాళ్ల పిల్లలు మన్ను నోట్లో పెట్టుకునేదాకానా?"

నేను ఏదో అని వచ్చేశాను. ఏమన్నానో రాయడానికి సిగ్గేస్తుంది. వీధిలో చాలామంది ఆమెతో మాట మానేశారు. కంపెనీని ఒక్కరూ ఒక్క మాటా అనలేదు. కోపమంతా నిజం చెప్పిన మనిషి మీదే. నేను మన్ను పంపడానికి మరో రెండు నెలలు తాత్సారం చేశాను. నా పెరట్లో ఏమీ లేదని వచ్చింది. ఉత్తరాల పెట్టె దగ్గరే ఆ కాగితం చూసి ఎగిరి గంతేశాను. ఎదురింటి వరండాలో డెస్ చూస్తున్నాడని తర్వాత గమనించాను.

మరుసటి వసంతంలో నోలీన్ మళ్లీ వేసింది. ఈసారి నేల మీద కాదు. సిమెంటు గచ్చు మీద రెండు సగం పీపాలు పెట్టి, కొన్న మన్నుతో నింపి, ఆ మన్నుని కూడా పరీక్షకి పంపి, జవాబు వచ్చాకే విత్తనం పెట్టింది. వేలు మన్నులో గుచ్చి, పొడిగా ఉంటేనే నీళ్లు పోసింది. వానలు పట్టినప్పుడు మొగ్గలకి బూజు రాకుండా పాత గొడుగులు కట్టింది. ఏప్రిల్లో కోసి, బట్టలుతికే గదిలో తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టింది. వెన్నలో మరిగించి బిస్కెట్లు చేసింది. మొదటి విడత మాడ్చింది. రెండో విడతకి డెస్ అయిదు గంటలు కదలకుండా నిద్రపోయాడు.

కాళ్లు బాగుపడలేదు. పాడైన నరాలు మళ్లీ మొలవవని చెప్పారు. పెరటి మూల చుట్టూ డెస్ తనే ఇనప వల కంచెలా కట్టాడు. ఆ మన్ను తీయడానికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. కంపెనీ వకీళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు మాత్రం వస్తున్నాయి. మూల మీద సిమెంటు పోసిస్తారట, బదులుగా ఇక ఎక్కడా నోరెత్తనని నోలీన్ సంతకం చేయాలట.

పోయిన మంగళవారం మూడో ఉత్తరం వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇప్పుడు అప్పుడప్పుడు వెళ్తున్నాను. నన్ను రానిస్తున్నారు. నోలీన్ కళ్లజోడు సర్దుకుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"చదవకు నోలీ, కోపం వస్తుంది" అన్నాడు డెస్.

"రానీ" అంది ఆమె. పేజీ తిప్పి, గొంతు ఇంకాస్త పెంచి చదివింది.