మూడు చుక్కల టైరు

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆ బత్తాయి లారీ టైరు పేలిన చప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాకా వినిపించింది. కాయలు దొర్లుకుంటూ మెట్రో మెట్ల దగ్గరికి పోయాయి. చైతన్యపురి హాస్టల్ పిల్లలు సంచుల్లో నింపుకున్నారు. పేల్చింది నేనే.

చాయ్ దుకాణంలో ఇలా ఎన్నిసార్లు చెప్పానో! ఒప్పుకుంటున్నాను, గాలి ఎక్కువ కొట్టాను. టైరు పేలలేదు. పేల్చాలనుకున్న మాట మాత్రం నిజం.

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజులవి. అరిగి గుండయిన టైర్లను గీకి, సొల్యూషన్ పూసి, కొత్త రబ్బరు పట్టీ చుట్టి, ఛాంబర్‌లో ఉడికించి ఇవ్వడం నా పని. ఎవరి టైరు వాళ్లకే తిరిగి ఇవ్వాలి. మేం మార్చేస్తామనే అనుమానంతో కొందరు దొంగగుర్తులు పెట్టేవారు. ఆ బత్తాయి లారీ సేటు కాల్చిన మేకుతో టైరు లోపల మూడు చుక్కలు పెట్టాడు. అవి గుర్తులని నాకు తెలియక, అక్కడ చిన్న చిల్లు కనిపిస్తే చుక్కలు కూడా మూసుకుపోయేలా ప్యాచ్ వేశాను.

"నా చుక్కలేవి? దొంగ ముసలోడా, నా టైరు అమ్ముకున్నవా?" అని మార్కెట్ గేటు దగ్గర అందరి ముందు అరిచాడు. "ప్యాచ్ కింద ఉన్నయేమో సేటూ, పీకి చూపిస్త" అంటే వినలేదు. ముప్పై ఏళ్ల నా పేరు ఒక్క పొద్దులో మూడు చుక్కల పాలైంది. లారీలవాళ్లు నా షెడ్డు ముందు నుంచే పక్క షాపుకు పోయేవారు.

నాలుగు నెలలకు అతని డ్రైవరు ఒక టైరు దొర్లించుకొచ్చాడు. మిగతా షాపులన్నీ వద్దన్నాయట. లోపల అవే మూడు చుక్కలు. సుత్తితో కొట్టి చూశాను. ఒకచోట బోలుగా పలికింది. లోపలి దారాలు విడిపోయాయి. ఇలాంటిదాన్ని తిప్పి పంపాలి. నేను పంపలేదు. నవ్వుకుంటూ తీసుకున్నాను. పెళ్లికొడుకులా ముస్తాబు చేసి ఇస్తాను, సేటూ, ఎండలో నల్గొండ రోడ్డు మీద నీ సంగతి అదే తేలుస్తుంది అనుకున్నాను.

ఛాంబర్‌లోంచి తీసే వేళకు డ్రైవరు వచ్చాడు.

"కాకా, జర మంచిగ చూడు. సేటు దీన్ని ముందట ఎయ్యమన్నడు."

"ముందటనా? బుద్ధుందా? గివి ఎనక చక్రాలకే!"

"చెప్పిన. ఇంటడా? పేలితే ముందు పోయేది నేనే గద కాకా," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పగ సేటు మీద పెట్టుకున్నాను, సీట్లో కూర్చునేది వీడు. వాడు చాయ్‌కి పోగానే కత్తి తీసి ఆ టైరును అడ్డంగా కోసేశాను. అదే కంపెనీది, అదే సైజుది, గట్టి టైరు నాది ఒకటి షెడ్డులో ఉంది. రాత్రికల్లా దానికి రబ్బరు ఎక్కించి, మేకు కాల్చి, లోపల మూడు చుక్కలు పెట్టాను. ఎదురు వైపు అదే మేకుతో ఒక గాడిద బొమ్మ కూడా గీశాను.

మర్నాడు సేటే వచ్చాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. చుక్కలు తగలగానే లేచి నిలబడి, గేటు దగ్గరున్న అందరికీ వినిపించేలా అన్నాడు:

"ఈసారి నిజాయితీగ నా టైరే ఇచ్చిండు ముసలాయన!"

అతని టైరే ఇచ్చినప్పుడు దొంగనయ్యాను. మార్చి ఇచ్చినప్పుడు దొరనయ్యాను. "ఎనక చక్రానికే ఎయ్యి, లేకుంటే మళ్ల నా షెడ్డుకు రాకు" అని మాత్రం గట్టిగా చెప్పాను. వారం తిరక్కుండా లారీలు మళ్లీ నా షెడ్డు ముందు ఆగాయి.

సేటును క్షమించానా? లేదు. ఆ గాడిద అతని బత్తాయిలు మోస్తూ ఎన్నాళ్లు తిరిగిందో తలచుకుంటే ఇప్పటికీ కడుపు చల్లగా ఉంటుంది. అన్నట్టు, గాడిద అన్నానుగానీ అక్కడా కాస్త గాలి కొట్టాను. మేకు జారి కుక్కలా వచ్చింది. చెవులు మాత్రం పొడుగ్గానే పెట్టాను.