తాతయ్య కత్తిరించని పొద

మా తాతయ్య కటింగు షాపులో ఊరందరి తలలూ గొరిగి ముసలాడయ్యాడు. షాపు మూసేసినా చెయ్యి ఊరుకోదు. ఎవరైనా ఎదురైతే ముందు వాళ్ల చెవుల దగ్గర వెంట్రుకలు చూసి, తర్వాత మొహం చూస్తాడు. మా నాన్నకి బట్టతల వచ్చాక ఆయనతో మాటలు తగ్గించేశాడని అమ్మ అంటుంది.

ఆయన ముందుగది కిటికీ పక్కన అమ్మమ్మ నాటిన పొద ఒకటుంది. అసలు పేరు మాకెవరికీ తెలీదు, వాసన పొద అంటాం. చలి తగ్గుతూ ఉండగా తెల్లటి పూలు గుత్తులుగా పూసేది. అప్పుడు అమ్మమ్మ వంటింట్లోంచి, "ఏమండీ, ఆ కిటికీ కాస్త తెరవండి, వాసన రానివ్వండి" అనేది.

చలి మొదలైతే చాలు, ఆవిడ పెద్ద కత్తెర దాచేసేది. పూలు రాలాకే బయటికి తీసేది. ఎందుకని అడిగితే, "చెబితే వింటారా ఏం" అనేది. తాతయ్య అదంతా చాదస్తం అనుకునేవాడు.

ఆవిడ పోయాక కత్తెర దాచేవాళ్లు లేరు. తాతయ్య చలికాలంలోనే పొదని గుండ్రంగా, పెళ్లికొడుకు తలలా తీర్చిదిద్దాడు. ఆ వసంతంలో ఒక్క పువ్వు పూస్తే ఒట్టు. మరుసటేడూ అంతే.

"దీనికీ ఆవిడ మీద బెంగే" అనేవాడు. "మనిషెలాగూ లేదు. ఆ వాసనైనా మిగులుతుందనుకున్నాను."

మళ్లీ చలికాలం వచ్చింది, మళ్లీ కత్తిరించాడు. కత్తిరించింది తనే ఊడ్చుకోవడం షాపునాటి అలవాటు. ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, ఓ కొమ్మ తీసి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. చివరంతా గింజల్లా మొగ్గలు. ఒకటి గోటితో విప్పితే లోపల తెల్లగా ఉంది.

"చలికి ముందే మొగ్గ తొడిగేస్తోందే ఇది" అన్నాడు. "నేను ఏటా పూలే ఊడ్చి పారేశాను."

"అయితే బెంగ పొదకి కాదన్నమాట" అన్నాను గుమ్మంలోంచి.

"నోర్ముయ్యవే కోతీ." అంటూనే కత్తెర నా చేతిలో పెట్టాడు. "నీతో తీసుకుపో. నేను కాళ్లావేళ్లా పడ్డా ఇవ్వకు."

ఇక ఏడాదంతా ఫోన్లే.

"చెవుల మీదికొచ్చేసిందే. అంచులు మాత్రం సరిచేస్తాను."

"పొదకి చెవులెక్కడివి తాతయ్యా?"

"ఉంటాయి. నీకు కనపడవు."

కటింగు చేసినాయన ఇంటి ముందే ఇంత జుట్టేమిటని పక్కింటాయన వేళాకోళమాడాడట. అదీ ఓర్చుకున్నాడు.

చలి తగ్గాక ఓ పొద్దున ఫోన్ చేసి, "రా" అన్నాడు. వెళ్లేసరికి పొద జులపాలు విరబోసుకుని కిటికీకి అడ్డం పడి ఉంది, నిండా పూలు. కిటికీ బార్లా తెరిచి ఉంది. తాతయ్య వంటింటి వైపు తిరిగి కూర్చున్నాడు.

"పూసిందిగా, ఇంకా ఆ మొహమేంటి?"

"తెల్లారినప్పట్నుంచీ వస్తోంది వాసన. ఎవరితో అనాలో తెలీలేదు."

సాయంత్రం బస్సు వేళయిందని లేచాను.

"ఇవాళ్టికి ఉండకూడదూ?" అన్నాడు. ఆయన ఎవర్నీ ఉండమని అడగ్గా నేనెప్పుడూ వినలేదు. వేసుకున్న చెప్పులు మళ్లీ విప్పాను.

చీకటి పడేదాకా ముందుగదిలోనే కూర్చున్నాం. ఉండుండి అడిగేవాడు, "వస్తోందా?"

"వస్తోంది తాతయ్యా."