బుల్లెమ్మను పిలిచిన గొంతు

"పిలవవే! పిలిస్తే నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"పిలిస్తే మీరు గొలుసు లాగుతారు. నేను పిలవను."

"లాగకపోతే దానికి బుద్ధెలా వస్తుంది? పోయినసారి జరిగింది మర్చిపోయావా?"

"మర్చిపోనిస్తే కదా! ముద్దముద్దకీ అదే నంజుకుంటున్నారు."

గుర్రపుశాల బయట ఎండుగడ్డి మోపు దించుతూ విన్నాను. అరిచేది మామయ్య. పిలవనంటున్నది మా మేనత్త. చదువు మానేసి వాళ్ల దగ్గర పనికి చేరినప్పట్నుంచీ ఈ పోట్లాటలు నాకు మామూలే.

అత్త గుర్రాలకు నాడాలు కొట్టే ఇంట్లో పుట్టి, వాటికి తర్ఫీదిచ్చే ఇంటికి కోడలిగా వచ్చింది. బుల్లెమ్మను ఈనగానే తల్లిగుర్రం చచ్చిపోతే, శాలలోనే పక్క వేసుకుని సీసాతో పాలు పట్టింది. గుర్రం మామయ్య పనిచేసే యజమానిది, పేరు మాత్రం అత్త పెట్టింది. అది ఎదిగాక జీను లేకుండా ఎక్కి, జూలు పట్టుకుని, పొద్దున్నే మైదానమంతా చుట్టొచ్చేది. దిగేటప్పుడు ఆ ముఖం చూడాలి. యాభై దగ్గరపడ్డ మనిషి, బడి ఎగ్గొట్టిన పిల్లలా ఉండేది.

తంటా కూడా అక్కడే వచ్చింది. గుర్రాల అందాల పోటీలో గుర్రం జడ్జి ముందు చెవులు నిక్కించి బొమ్మలా నిలబడాలి. పోయినసారి జనంలోంచి అత్త దగ్గింది. అంతే! బుల్లెమ్మ మెడ తిప్పి, సకిలించి, మామయ్యను కంచె దాకా ఈడ్చుకొచ్చేసింది. జనం పడీపడీ నవ్వారు. యజమాని నవ్వలేదు. "ఇంకోసారి ఇలా అయితే సామాన్ల బండికి అమ్మేస్తా" అన్నాడు. అన్నంత పనీ చేసే రకం. బండి గుర్రాల భుజాలు పుండ్లు పడి ఎలా ఉంటాయో అత్త చిన్నప్పట్నుంచీ చూసింది.

"పోటీ రోజు నేను ఇంట్లోనే పడుంటానండీ" అని బతిమాలింది.

"అక్కడ ఏ ఆడమనిషి దగ్గినా నువ్వే అనుకుని పరిగెడితే?" అన్నాడు మామయ్య.

ఆయన కనిపెట్టిన వైద్యం ఇది. బుల్లెమ్మ ముక్కు మీదుగా సన్నటి గొలుసు వేసి తను పట్టుకుంటాడు. అత్త తలుపు అవతల నిలబడి పేరు పెట్టి పిలవాలి. అది తల తిప్పితే గొలుసు లాగుతాడు.

చివరికి అత్త పిలిచింది. గొలుసు గలగలమంది. మళ్లీ పిలిచింది. మోపు వదిలేసి లోపలికెళ్లి, "ఇది తర్ఫీదు కాదు మామయ్యా, కసాయి పని" అన్నాను.

"కాలేజీ గడప దాకా వెళ్లి వెనక్కొచ్చినోడివి, నాకు పాఠాలు చెప్పకు."

అత్త కూడా నా మీదే విరుచుకుపడింది. "నోర్మూసుకో. రేపు దాన్ని బండికి కడితే నువ్వు లాగుతావా?"

రోజూ పిలిచింది. కొన్నాళ్లకు గొలుసు చప్పుడు ఆగిపోయింది.

పోటీలో బుల్లెమ్మ రాయిలా నిలబడింది. అత్త కంచె పక్కనే ఉంది. తన పనితనం చూపించుకోవడానికి మామయ్యే రమ్మన్నాడు. "పిలిచి చూడు" అని సైగ కూడా చేశాడు. పిలిచింది. బుల్లెమ్మ కదల్లేదు. మొదటి బహుమతి. యజమాని మామయ్య భుజం తట్టి, అత్తను దాటుకుని వెళ్లిపోయాడు.

గుర్రం దక్కింది, ఇక గొలుసుతో పనేముందని, ఇంటికి రాగానే అత్త క్యారెట్లు పట్టుకుని శాలకెళ్లింది. "బుల్లెమ్మా" అంది. దాని చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. గోడ దాకా జరిగి, ముక్కు మూలలో దాచుకుంది. నేను పిలిచినా అంతే. నోరు మెదపకుండా అత్త చెయ్యి చాపితే మాత్రం చాలాసేపటికి వచ్చి తింది, ఒళ్లు వణుకుతూనే.

అత్త బయటికొచ్చి గడ్డి మోపు మీద కూలబడింది. లోపలికి వినబడకుండా గుసగుసగా అంది:

"ఒరేయ్, దానికి ఇంకో పేరు పెట్టరా. నీ నోటికొచ్చిందేదో పెట్టు. నాకు మాత్రం చెప్పకు. తెలిస్తే పిలిచేస్తాను."