రెండో కుక్క ఎక్కడికీ పోదు

ఒక బిడ్డ పుట్టి పాకడం కూడా మొదలుపెట్టకముందే "రెండోది ఎప్పుడు?" అని అడిగే వీధి మాది. అదే వీధి, నేను రెండో కుక్కను తెచ్చుకుంటానన్న రోజు మాత్రం "ఎందుకు?" అని అడిగింది.   తెచ్చుకోవాలనిపించింది. ప్రతిదానికీ కారణం ఉండి తీరాలంటే మా వీధిలో సగం పెళ్ళిళ్ళు జరిగేవి కావు.

మొదటి కుక్కను నేను తేలేదు. ఒక వానాకాలం అదే లోపలికి వచ్చి నాన్న మగ్గం గుంత పక్కన పడుకుంది. మేం లేపలేదు. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి. వరంగల్‌లో ఇంకా చేతిమగ్గం మీద దుప్పట్లు నేసే కొద్దిపాటి ఇళ్ళలో మాది ఒకటి. నేను మాత్రం మగ్గం జోలికి పోకుండా కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. పొద్దంతా వచ్చినవాళ్ళందరినీ "ఇది కనబడుతుందా? ఇప్పుడు?" అని అడిగి ఇంటికి వస్తే, మా అమ్మకు నాలో ఒక్క మంచి గుణమూ కనబడదు. ఆమె చూపుకు సరిపడే అద్దాలు మా దుకాణంలో లేవు.

వర్ధన్నపేట దారిలో, ఊరు దాటాక, దిక్కులేని కుక్కల్ని పెట్టే షెల్టర్ ఒకటుంది. ఇంట్లో ఇప్పటికే కుక్క ఉంటే దాన్ని కూడా వెంట తెచ్చి, రెండింటికీ పొసగుతుందో లేదో చూపించాలన్నది వాళ్ళ నియమం. అందుకని మా ముసలోణ్ణి, అంటే ఆ మొదటి కుక్కను, ఆటోలో ఎక్కించాను.

"కుక్కల దవాఖానకా?" అన్నాడు ఆటో అన్న.

"కాదన్నా, పిల్లను చూడనీకి పోతున్నం."

ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. "పిల్లగాడు నిద్రపోతాండు గదా! జర లేపి మొకం కడుగు. గిట్ల పోతే ఎవలిస్తరు పిల్లను?"

షెల్టర్ చూసుకునే అక్క నన్ను కూచోబెట్టి ప్రశ్నలడిగింది. "ఇంటికి ప్రహరీ ఉందా?" అంటే, "ఇంటికి గోడలే అంతంత మాత్రం అక్కా" అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ పని చేసేవాళ్ళకు నవ్వు అంత తొందరగా రాదనుకుంటాను. తర్వాత ఇనుప జాలీ వెనకాల మూలకు కూర్చున్న ఒక గోధుమరంగు ఆడకుక్కను చూపించింది. ఒక చెవి నిలబడి ఉంది, రెండోది వాలిపోయి ఉంది.

"దీన్ని రెండుసార్లు తీస్కపోయి వాపస్ తెచ్చిన్రు. మొదటోళ్ళు మస్తు మొరుగుతాందన్నరు. రెండోటోళ్ళు అసలు మొరుగుతనే లేదన్నరు."

"ఒకటే కుక్కనా అక్కా?"

"ఒకటే కుక్క."

అక్కడే ఖాయం చేసుకున్నాను. ఎవరేమన్నా వినకుండా తనకు నచ్చినప్పుడే నోరు తెరిచే ఆడవాళ్ళు మా ఇంట్లో ఇప్పటికే ఇద్దరం ఉన్నాం.

"మల్ల ఒక్క మాట," అంది అక్క. "ఇది మూడోసారి వాపస్ వస్తే నేనింక ఎవలకూ ఇయ్య. మనుషులను చూసుడు, నమ్ముడు, మల్ల జాలీ వెనకకు వచ్చుడు, దానికి మస్తయింది. ఇగ సచ్చేదాంక ఇక్కడనే ఉంటది. ఇంటికి పోయినంక ఆలోచించుడు కాదు. ఇప్పుడే ఆలోచించుకో."

రెండు కుక్కల్నీ కలిపారు.  కొత్తది మా ముసలోణ్ణి ముందు నుంచీ వెనక నుంచీ వాసన చూసింది. వాడు ఒకసారి కళ్ళు తెరిచి, అక్కడే మట్టిలో మళ్ళీ పడుకున్నాడు. పెళ్ళిచూపులు అయిపోయాయి.

ఇంట్లో అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "పెండ్లి చేసుకోవే అంటే కుక్కను పట్కొస్తివి. నేను ముట్ట. బువ్వ పెట్ట. నాకు చెప్పకు." ఇన్ని షరతులు పెట్టిన మనిషే ఏం చేసిందో చెప్పాలంటే ముందు మా గంజి సంగతి చెప్పాలి.

మగ్గం ఎక్కించే ముందు నిలువు దారాలకు గంజి పట్టించాలి, లేకపోతే నేసేటప్పుడు పుటుక్కున తెగుతాయి. ఆ నిలువు దారాల వరుసనే పడుగు అంటాం. వేకువనే దాన్ని వీధి పొడవునా వెదురు కర్రల మీద చాపి, గంజి పూసి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వాలి. ఇది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. మా పడుగుకు పక్కింటివాళ్ళు వస్తారు, వాళ్ళ పడుగుకు మేం పోతాం. ముందు రోజు తగువులాడుకున్నా సరే, పడుగు నాడు చెయ్యి కలపాల్సిందే. మిగిలిన గంజిని ఎవరూ పారబొయ్యరు, కోళ్ళకో మేకలకో పోస్తారు. అమ్మ కొత్త కుక్కకు పోసింది. అదీ పడుగు చాపిన వీధిలోనే, పడుగు పక్కనే. షెల్టర్‌లో గంజి అన్నం తిని పెరిగిన కుక్క అది. గిన్నె నాకి మెరిపించింది. "పారబోసేదాన్ని పోసిన, అంతే" అంది అమ్మ. కానీ ఆ తర్వాత పడుగు లేని రోజున కూడా అమ్మ గంజి కాచడం నేను చూశాను.

ఇక కుక్క వైపు నుంచి ఆలోచించండి. వీధిలో దారాలు చాపారంటే తిండి వేళ అయిందని అర్థం.

ఒకరోజు పొద్దున పెద్దబాపు కేకకు వీధంతా లేచింది. పెద్దబాపు అంటే నాన్నకు అన్న వరస, మా ఎదురిల్లు. అప్పటికి ఆయన పడుగుకు గంజి పూయడం అయిపోయింది. మా కొత్తది దాని కిందికి దూరి, తలెత్తి, ఆ చివర నుంచి ఈ చివరకు శ్రద్ధగా నాక్కుంటూ వస్తోంది. ఆయన కర్ర ఎత్తేసరికి బెదిరి దారాల మధ్యలోంచి పైకి దూకింది. తెగిన పోగులు గాలికి వేలాడాయి.

"వాపస్ ఇచ్చిరా పో దీన్ని!" పెద్దబాపు కుంచెతో కుక్కను చూపించాడు. "ఇయ్యాల్నే! గీ కుక్క గీ వీధిల ఉంటే మీ పడుగుకు మా ఇంటోళ్ళు ఒక్కలు రారు. చెప్తున్న!"

అది ఉత్త బెదిరింపు కాదు. చేతులు రాకపోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం లేదు. నాన్న నా దగ్గరికి వచ్చి, నా మొహం కాకుండా నా చెప్పుల్ని చూస్తూ అన్నాడు: "బిడ్డా, వీధిల బతకాలె మనం. వాపస్ తోల్కపోదాం తియ్యి."

ఆ కుక్క మా గుమ్మం పక్కన గోడకు అతుక్కుని కూర్చుంది. రెండు చెవులూ వాలిపోయాయి. మూతికి ఇంకా గంజి ఉంది. నాకు ఏడుపు రావాల్సిన సమయం అది. రాలేదు. పొద్దున్నే ఏడవాలంటే ముందు టీ పడాలి నాకు.

"పెద్దబాపు," అన్నాను, "పోయినేడు నీ అల్లుడు కొత్త బండి మీద వచ్చి మా పడుగు నడుమ నుంచి సక్కగ పోయిండా లేదా?"

"దానికీ దీనికీ ఏం సంబంధమే?"

"మా నాయిన రెండు దినాలు అతికిండు. మరి నువ్వు అల్లున్ని వాపస్ ఇచ్చినవా?"

 పెద్దమ్మ, అంటే ఆయన భార్య, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఆ నవ్వు లోపలి నుంచి ఇంకా గట్టిగా వినిపించింది.

"మాటలు మస్తు వస్తయ్ నీకు," అన్నాడు పెద్దబాపు. "మాటలు పోగులను అతుకుతయా?"

"నేనతుకుత. తెగినయన్ని నేనే అతుకుత. కుక్క మాత్రం పోదు. మీరు మా పడుగుకు రాకపోతే రాకుండ్రి. మేం ముగ్గురం చాపుతం, వంకర్లు పోతే వంకర దుప్పట్లు నేస్తం. కప్పుకునేటోనికి నిద్రలో ఏం తెలుస్తది?"

"మగ్గం ముట్టనిదానివి, నువ్వతుకుతవా?"

"చూస్తుండు."

దుకాణానికి ఫోన్ చేసి రానని చెప్పాను. ఎండలో పడుగు పక్కన గొంతుకూర్చున్నాను. తెగిన రెండు కొనల్ని పట్టి, వేళ్ళ మధ్య గంజి తడితో పురి తిప్పాలి. చిన్నప్పుడు నాన్న నేర్పబోతే పారిపోయిన పని ఇదే. మొదట అతికినవి చెయ్యి తియ్యగానే ఊడిపోయాయి. పెద్దబాపు అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటి ఊడినప్పుడల్లా గొంతు సవరించుకున్నాడు. కాసేపటికి నాన్న వచ్చి అవతలి పక్కన కూర్చున్నాడు.  కథల్లోనైతే ఇక్కడ తండ్రి కళ్ళు చెమర్చాలి. ఆయన "పురి వదులుగ తిప్పుతున్నవ్, ముడ్డి కింద రాయి పెట్టుకో, నడుం పట్టేస్తది" అన్నాడు. అదీ మా నాన్న. అమ్మ టీ తెచ్చింది. పెద్దబాపుకు కూడా ఇచ్చింది. ఆయన తాగనన్నాడు, ఆమె గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది, ఆయన తాగాడు.

"తప్పు నాది బావా," అంది అమ్మ, గ్లాసు తీసుకుంటూ. "పడుగు కాడ గంజి పోసి దానికి అలవాటు చేసిన. ఇగ ఇంట్ల పోస్త, పడుగు చాపకముందే. కడుపు నిండితే అటు రాదు." మా అమ్మ తప్పు ఒప్పుకోగా నేను విన్నది అదొక్కసారే, అదీ ఒక కుక్క కోసం. నాకు కాస్త కుళ్ళు పుట్టిన మాట నిజం.

ఎండ నెత్తికెక్కేసరికి పోగులన్నీ అతికాయి. పెద్దబాపు లేచి, పడుగు పొడవునా అరచెయ్యి రాస్తూ నడిచాడు. నా అతుకుల దగ్గర ఆగుతాడు, నాన్నవాటి దగ్గర ఆగడు. తేడా నాకూ తెలిసింది.

"ఉండలు ఉండలున్నయ్," అన్నాడు.

"ఊడిపోలేదు గదా."

ఆయన మళ్ళీ ఒకసారి లాగి చూశాడు. ఊడలేదు. నేను తర్వాతి గొడవకు సిద్ధంగా నిలబడ్డాను. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి కాబట్టి పారిపోయే అవకాశం ఎలాగూ లేదు.

"ఆదివారం మీ నాయిన పడుగు గదా," అన్నాడు నావైపు చూడకుండా. "వస్తం. మా పెద్దోడు, నేను. గా కుక్కను లోపలుంచు. నువ్వు బైటికి రా. చెయ్యి ఒకటి తక్కువైతాంది ఈ నడుమ."

"కుక్క లోపలుంటే దానికి తోడు ఒకరుండాలె గద పెద్దబాపు," అన్నాను. "నేనుంట."