ఎల్లుబాయి చేతి రోకలి

పద్దెనిమిదేళ్లుగా ఆ వాడలో ఏ పెళ్లికైనా పసుపు ఎల్లుబాయి పెరట్లోదే. పసుపు దంచే చోట మాత్రం ఎల్లుబాయి ఉండకూడదు. భర్త చనిపోయిన ఏడాది మొదలైన కట్టడి అది. కొమ్ముల మూట గోడమీద పెట్టి ఆమె వెనక్కి జరిగితే, అటునుంచి ఎవరో తీసుకునేవారు. చేతికి చెయ్యి తగలకూడదు. ఇంట్లోకి పోయి చాయ్ పెట్టుకునేది.

ఈసారి పెళ్లి నవనీతది. గోడ అవతలి ఇంట్లో ఉండే తోడికోడలు రాజుబాయి కడుపున పుట్టినా, ఎల్లుబాయి చంక దిగకుండా పెరిగిన పిల్ల. ఆ పిల్ల కోసమే మృగశిర కార్తెలో పెరట్లో నాలుగు సాళ్లు ఎక్కువ పెట్టింది. తవ్వింది, ఉడకబెట్టింది, రెండు వారాలు ఎండబెట్టింది. ఎండిన కొమ్ము విరిస్తే టక్కుమనాలి. టక్కుమంది! ఆ చప్పుడుకు మురిసిపోయి ఇంకోటి విరిచింది, మరోటి విరిచింది. ఇట్లా అయితే పెళ్లికేం మిగులుతుందని తనను తానే తిట్టుకుని, కొత్త గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసింది. నవనీత పసుపులో తన రోకలి పోటు ఒక్కటి పడితే చాలు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

దంచే రోజు పొద్దున ఆమె వాగుకు బట్టలు పట్టుకుపోయింది. సొంత బిడ్డ పెళ్లని రాజుబాయికి పట్టింపు ఎక్కువైంది. ఎల్లుబాయి చేతి మూట కూడా వద్దనుకుని, నిజామాబాద్ నుంచి వచ్చిన ముత్తైదువ ఒకామెను ఎల్లుబాయి పెరట్లోకి పంపింది. ప్యాకెట్ పసుపు తప్ప ఎరగని ఆవిడ కొట్టంలో ఆకుల కింద కప్పి ఉంచిన పచ్చికొమ్ములు చూసి, "అబ్బ, ఎంత తాజాగున్నయే!" అని గంపకెత్తుకుంది. కడిగి రోట్లో పోశారు. చుట్టాలకు చాయ్‌లు పోసే హడావిడిలో రాజుబాయి చూసుకోలేదు.

తడిబట్టలతో తిరిగొచ్చిన ఎల్లుబాయి గోడ దగ్గర ఆగిపోయింది. దణ్ దణ్ అనాల్సిన రోలు పచ్ పచ్ అంటోంది. తొంగిచూసింది. దంచుతున్న ఐదుగురు ముత్తైదువుల పట్టుచీరలు, గోడలకు కొత్తగా వేసిన సున్నం, నవనీత మేనమామ లింబాద్రి తెల్లచొక్కా, కట్టేసిన మేక, అన్నీ పసుపు!

"ఓ యక్కా! అది నా ఇత్తనం! ఒచ్చే ఏటి పంటను దంచుతున్నరే!"

రోకళ్లు ఆగాయి. చాయ్ కెటిల్‌తో ఉరికొచ్చిన రాజుబాయి రోటి పక్కన జారి, ముక్కుకు పసుపు పూసుకుని లేచింది.

"గీ యాళ నువ్వెందుకు తొంగిచూస్తున్నవే ఎల్లుబాయీ?"

"సూడకుంటే మొలకలు గూడ మిగలనిత్తురా మీరు?"

లింబాద్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, నా అంగీ పిండితే రెండు పెండ్లిండ్లకు సరిపోతది!"

నవనీత గోడ దగ్గరికి పరుగెత్తింది. "సిన్నమ్మా, ఎండినయి ఏడున్నయి?"

"దూలానికున్నయి బిడ్డా. గోడమీద పెడ్త, తీస్కో."

"గోడమీద ఒద్దు. దర్వాజల నుంచి రా. నువ్వే తే, నువ్వే దంచు. లేకుంటే గీ బురదనే పూసుకుని పీటలమీద కూసుంట."

"నలుగురేమంటరే?" అంది రాజుబాయి.

"ఆ నలుగురి మొకాలు జర సూడమ్మా!"

రాజుబాయి చూసింది. ఒక్క మొహానికీ అసలు రంగు లేదు. కోపం తెచ్చుకోబోయి, తన ముక్కు తనకే కనబడి, కిసుక్కున నవ్వింది. "రా, ఎల్లుబాయీ. రోలు కడిగిపిస్త."

దూలానికున్న మూట దించుకుని ఎల్లుబాయి వాకిలి దాటి వచ్చింది. మూట విప్పింది. మొదటి పోటు. దణ్! ఒక్కటి చాలనుకున్న మనిషి జల్లెడ పట్టేదాకా రోకలి వదల్లేదు. తర్వాత ఐదుగురు ముత్తైదువులనూ చుట్టూ కూర్చోబెట్టుకుని, దెబ్బ తగలని విత్తనం ఏరించుకుంది.

మీ ఇంట్లోనూ రేపో మాపో ఒక పెళ్లి జరుగుతుంది. గోడ అవతల నిలబెట్టిన మీ అత్తనో, పిన్నినో, అమ్మనో ఈసారి ముందుగా పిలవండి. కబురు పంపడం కాదు, మీరే వెళ్లి తీసుకురండి. మొదటి రోకలి ఆమె చేతిలో పెట్టండి. ఎవరైనా మొహం ముడిచారా, ఆ మొహానికి కాస్త పసుపు పూయండి.