మానుకోట మీదుగా స్రవంతి కాలు

జనగామకు ఏడింటికి రావాల్సిన రైలు తొమ్మిదింటికి వచ్చింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో అది ఆలస్యం కిందికి రాదు. నాతో పాటు మా చెల్లెలు స్రవంతి ఉంది. డిగ్రీ రెండో ఏడు. మోకాలి పైన ఎముకలో క్యాన్సర్ అని హైదరాబాదులో ముక్క తీసి పరీక్షించి తేల్చారు. ముందు కొన్ని నెలలు మందులు ఎక్కించాలి, తర్వాత చెడిన ఎముక తీసేసి లోహపు కడ్డీ వేయాలి, గడ్డ లొంగకపోతే కాలే తీసేయాలి. జాగు చేస్తే ఊపిరితిత్తులకు పాకుతుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

అంత తొందర ఉన్న మనిషిని తీసుకుని మేము హైదరాబాదుకు సరిగ్గా ఎదురు దిక్కున, మహబూబాబాద్‌కు, అదే మానుకోటకు బయలుదేరాం. మా ఇంట్లో పెళ్లి గానీ ఆపరేషన్ గానీ మేనమామ సరే అనకుండా జరగదు.

రైల్లో ఎదుటి సీటు అవ్వ సంగతంతా విని, "కత్తి తగిలితే గది ఒళ్లంత పాకుతది బిడ్డా" అని పల్లీలు పెట్టింది. అది ఉత్త మాట అని డాక్టరు ముందే చెప్పాడు. అయినా నాకు భయమేసింది. పల్లీలు మాత్రం బాగున్నాయి.

పన్నెండు దాటాక మానుకోటలో దిగాం. మామ రిలే దీక్షా శిబిరంలో, మెడలో దండతో మైకు ముందున్నాడు. "మన బతుకు సంగతి ఇంకొకడు చెప్పుడేంది?" అంటున్నాడు. చప్పట్లయ్యాక దిగొచ్చి, స్రవంతి వైపు చూడకుండానే తీర్పు చెప్పేశాడు.

"కోసుడు గీసుడు వద్దు. భూపాలపల్లి కాడి చిట్యాల దిక్కు కట్టు కట్టేటాయన ఉన్నడు. పసరు పోసి గట్టిగ రుద్ది కడ్తే గడ్డ దిగుతది."

"రుద్దొద్దని డాక్టర్ చెప్పిండు మామా."

"డాక్టర్ నీకు మామనా?"

ఈ ప్రశ్నకు ఏ దవాఖానలోనూ జవాబు దొరకదు. నర్సంపేట, ములుగు మీదుగా బస్సు పట్టాం. టికెట్లు మామే తీశాడు. కుదుపు కుదుపుకీ స్రవంతి పళ్లు బిగపట్టింది.

భూపాలపల్లికి కాస్త ఇవతల రోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద పప్పు ఉడుకుతోంది. బస్సు ఆపి అందరినీ దించి విస్తళ్లు వేశారు. మా కథ తెలియగానే అక్కడ ఇంకో సభ మొదలైంది. ఒకాయన ఆకుమందు అన్నాడు, ఒకాయన బొంబాయి అన్నాడు. అధ్యక్షత మామది.

స్రవంతి నా భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"అందరు చెప్పిన్రు. నన్నొక్కలన్న అడిగిన్రా? నాకు బతకాలని ఉన్నది. కాలుంటే మంచిదే, పోతే కట్టెపట్టుకుని నడుస్త. రేపే హైదరాబాద్ పోత."

నాకు ఏడుపొచ్చింది. వడ్డిస్తున్న అక్క "పిల్ల చెప్పింది గద, ఇగ ఊకోన్రి" అని ఆమెకు ఇంకో గంటెడు పప్పు వేసింది.

సాయంత్రం వెనక్కి వరంగల్ బస్సెక్కాం. మామ ఆమె కాలు కింద తన కండువా మడిచి పెట్టాడు. "ఆ మందులకు జుట్టు రాలుతదట గద బిడ్డా?" అన్నాడు.

"రాలుతది మామా. మళ్ల వస్తది."

ఈ దారిన వెళ్లదలచిన వాళ్లకు చెబుతున్నాను: రోడ్లు పర్వాలేదు, వంటావార్పులో భోజనం బ్రహ్మాండం. కానీ అంత దూరం పోనక్కర్లేదు. మేము అడగాల్సిన మనిషి రోజంతా మా పక్క సీట్లోనే కూర్చుని ఉంది.