చిటికి కట్టేంత సేపు ఎండ

నల్గొండ నుంచి పోచంపల్లికి అందరూ చీరలు కొనడానికి పోతారు. నేను కొట్లాటకు పోయాను. మా అక్క అక్కడి చేనేత ఇంటి కోడలు. ముంజేతులకు బొల్లి మచ్చలొస్తే నల్గొండ దవాఖానలో డాక్టరమ్మ మాత్రలు రాసింది. పది రోజులకే అక్క ఉత్తరం: చేతులు బొబ్బలెక్కాయి, మా మామగారు మాత్రలు తీసి అటక మీద పెట్టాడు. ఈ తొంభైల్లో కూడా మూఢత్వమేనా అని మండిపోయి, సైన్సు కరపత్రం జేబులో పెట్టుకుని బయలుదేరాను.

పొద్దున తొమ్మిదికి, మొదట డాక్టరమ్మనే కలిశాను. "మాత్ర మింగిన రెండు గంటలకు ఐదు నిమిషాలే ఎండ చూపాలని చెప్పిన. ఎంతసేపు నిలబడ్డదో కనుక్కో. బొబ్బలు మానినంక తోల్కరా," అంది. పదింటి బస్సెక్కి, పదకొండున్నరకు చౌటుప్పల్‌లో దిగాను. అక్కడి నుంచి పోచంపల్లికి జీపులుంటాయి. నిండితే గాని కదలవు, కిరాయి మూడు రూపాయలు. డ్రైవర్ ఖాజా భాయ్ పక్కన కూర్చుని, బొల్లి అంటుకోదని దారి పొడవునా ఉపన్యాసమిచ్చాను. ఆయన చొక్కా చేయి పైకి మడిచి మోచేతి మీది తెల్లమచ్చ చూపించాడు. "నాకెర్కే తమ్మీ. ఇరవై ఏండ్లసంది స్టీరింగ్ పట్టిన. స్టీరింగ్ తెల్లగ కాలే." జీపంతా నవ్వింది.

పన్నెండున్నరకు ఇల్లు చేరాను. వాకిట్లో రంగద్దిన నూలు ఆరుతోంది. అక్క మామ సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో నూలుకు చిటికిలు, అంటే బిగుతు కట్లు, కడుతున్నాడు. కట్టిన చోట రంగెక్కదు, అదే తర్వాత చీరలో పువ్వవుతుంది. నేను నూలు మీద చేయి వేయబోతే, "చేతులు కడుక్కో," అన్నాడు.

"నాకేం బొల్లి లేదు!" అని గయ్యిమన్నాను.

"చెమట పిలగా, చెమట! తడి నూలుకు మరకైతది."

చేతులు కడుక్కుని, అదే ఊపులో కరపత్రం విప్పాను. ఈ మందు అణువు కణంలో జన్యువు పోగుల సందులోకి దూరి ఊరికే కూర్చుంటుంది, ఎండ తగిలితేనే పోగులను పట్టుకుంటుంది, రేపు వెలుగుతోనే జన్యువులను ఆపొచ్చు, నడపొచ్చు అని చదివాను. "మీరేమో మందు పారేశారు!"

"పారెయ్యలే. ఎందుకు కాలిందో తెలిసేదాక ఆపిన," అన్నాడాయన.

ఎంతసేపు ఎండలో ఉన్నావని అక్కను అడిగాను. "మాత్ర మింగి పొద్దుగాల నుంచి పగటాల్ల బువ్వ దాక ఎండల నూలారేసిన."

"ఐదు నిమిషాలు కదా చెప్పింది!"

అక్క లోపలికి పోయి ఒక కార్డు తెచ్చింది. మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో నేను పంపిందే, నా రాతే. 'ఎండే అసలు మందు అక్కా. ఎంత ఎండ తగిలితే అంత మంచిది.'

మామ కార్డు తీసుకుని తిరగేసి చూశాడు. "తమ్ముడు మంచిగనే రాసిండు. కొలత మరిచిండు." మళ్లీ చిటికి కట్టుకుంటూ, "ఐదు నిమిషాలంటే నా చేతిల ఇరవై చిటికిలు. గడియారమెందుకు?" అన్నాడు.

బొబ్బలు మానాక ఆయనే అక్కను వెంటబెట్టుకుని నల్గొండ వచ్చాడు. డాక్టరమ్మ మాత్ర తగ్గించి, రెండు నిమిషాల ఎండతో మొదలుపెట్టమంది. వారానికి మూడు రోజులు అక్క వాకిట్లో చేతులు చాపేది. ఆయన ఎనిమిది చిటికిలు కట్టి "లోపలికి నడువు బిడ్డా" అనేవాడు. ఆమె చేతులు కప్పుకుని లోపలికి పోయేది. మొన్న నేను మళ్లీ పోయేసరికి తెల్లమచ్చలో వెంట్రుకల మొదళ్ల దగ్గర నల్లని చుక్కలు లేచాయి. "చిటికి ఇప్పినకాడ రంగెక్కినట్టున్నది తమ్మీ," అంది అక్క. మచ్చంతా రంగు నిండడానికి ఇంకా నెలలు పడుతుందట. నేను చదివింది తప్పు కాదు, కానీ అక్క చేతులను కాపాడింది ఆయన ఓపిక. కొట్లాటకు పోయిన వాడిని ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చాను.

పోచంపల్లి పోయేవాళ్లకు ఒక్క మాట: నూలు ముట్టుకునే ముందు చేతులు కడుక్కోమంటారు. కోపం తెచ్చుకోకుండా కడుక్కోండి.